బొమ్మను పలకరించే క్లాసు

పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో పదకొండేళ్లు నర్సుగా చేసిన నాకు చేతులు కడుక్కోవడం నేర్పడానికి వచ్చినవాడు, నాకు తెలిసినంతవరకు, ఒక్క రోగి నాడి కూడా పట్టి ఎరగడు. ఇంగ్లండులో నర్సుగా నమోదు కావాలంటే రాతపరీక్ష కాక, పని చేసి చూపించే పరీక్ష ఒకటి ఉంటుంది. దానికి తయారు చేస్తామంటూ మలక్‌పేటలో పరుపుల దుకాణం పైన ఒక కోచింగ్ సెంటర్ వెలిసింది. అక్కడ మాకు అతనే సారు. నాకంటే ఆరేడేళ్లు చిన్న. మెడకు బిగించిన టై, చేతిలో లేజర్ లైటు, వీడియోలు చూసి పట్టుకున్న ఇంగ్లిషు.

గది మధ్యలో మంచం, మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ. దాని ఎడమచెయ్యి ఊడిపోతే టేపు వేసి అంటించారు. మేము నవ్వుతూ దాని దగ్గరికి వెళ్లి, పేరు చెప్పుకుని, "మీకు నొప్పేమైనా ఉందా?" అని ఇంగ్లిషులో అడగాలి. అది జవాబు చెప్పినట్టు మేమే తల ఊపాలి. మొదటిరోజు నేను ఆ బొమ్మకు మాటామంతీ లేకుండా బీపీ చూసి పక్కకు జరిగితే సున్నా వేశాడు.

"సిస్టర్, నువ్వు చేసింది ఎగ్జామినర్‌కు ఎట్ల తెలుస్తది? నోటితోని చెప్పాలె."

"ఆయనకు కండ్లుండయా సార్?" అన్నాను.

అందరూ నవ్వారు, అతను తప్ప.

నా పక్కన సైదాబాద్ నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. పాల వ్యాపారం చేసే ఇంటి కోడలు. పని బాగా తెలిసిన మనిషే కానీ, ఇంగ్లిషు అనేసరికి గొంతు పడిపోయేది. అతను రోజూ ఆమెను నిలబెట్టి, ఆమె అన్న మాటను ఆమె యాసలోనే తిరిగి పలికి వినిపించేవాడు. అదే అతని పాఠం.

ఒకరోజు గాయానికి కట్టు మార్చే పాఠం వచ్చింది. "నువ్వే చేసి చూపెట్టు సిస్టర్, నీకు అనుభవముంది గద" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు పొంగిపోయాను. అతను ఫోను స్టాండుకు తగిలించి వీడియో తీశాడు. క్లాసు కోసమేననుకున్నాను.

ఆ ఆదివారం నేనూ ఆ సైదాబాద్ అమ్మాయీ పత్తర్‌గట్టి బజారులో స్వెట్టర్లు చూస్తుంటే, ఆమె ఫోనులో సెంటర్ వాళ్ల ప్రకటన వీడియో తెరిచి నా ముందు పెట్టింది. "అక్కా, ఇవి నీ చేతులే గద?"

నా చేతులే. ఇంజెక్షన్ సీసా పగిలి బొటనవేలి మీద పడ్డ మచ్చతో సహా. గొంతు మాత్రం అతనిది: "పదేళ్ల అనుభవంతో నేను నేర్పించే పద్ధతి ఇది."

సోమవారం క్లాసు మొదలుకాకముందే అడిగాను. "సార్, ఆ వీడియోల చేతులు ఎవరియి?"

"మొకం కనవడలే గద సిస్టర్, గింత దానికి లొల్లెందుకు? సెంటర్ల చేసింది సెంటర్‌దే."

"అయితే ఒక్కసారి మీరు చెయ్యుండ్రి. ఈడనే, అందరి ముందల."

కాదంటే పరువు పోతుందనుకున్నాడేమో, గ్లవ్స్ ప్యాకెట్ చింపాడు. చింపడంతోనే, గ్లవ్‌కు ముట్టుకోకూడని బయటివైపును ఉత్త వేళ్లతో పట్టుకున్నాడు. ఆ గ్లవ్‌తోనే గాజుగుడ్డ తీశాడు. అది పక్కమీద పడితే ఎత్తి మళ్లీ ట్రేలో పెట్టాడు. నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్ల ఇలా చేస్తే వార్డు బయటికి పంపిస్తారు.

అప్పుడు ఆ సైదాబాద్ అమ్మాయి లేచి నిలబడింది. ఒక్క మాట తడబడకుండా, ఇంగ్లిషులో, గ్లవ్ పాడైంది సార్, మళ్లీ మొదటి నుంచి చేయండి అంది. అతను మోగని ఫోను చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. మేమిద్దరం మెట్లు దిగి వచ్చేశాం, మళ్లీ ఎక్కలేదు.

ఆ తరువాత మా సాధనంతా ఆ అమ్మాయి ఇంట్లోనే. బొమ్మకు బదులు ఆమె అత్తగారు మంచం మీద పడుకునేది. నేను ఇంగ్లిషులో ప్రశ్న అడగ్గానే కోడలి వైపు తిరిగేది.

"ఏమంటున్నదే?"

"నొప్పి ఉన్నదా అని అడుగుతున్నది అత్తమ్మా."

"ఉండదా మరి! పొద్దుగాల బర్ల కాడ కూసుంటే మళ్ల లేవనీకి వస్తలేదు. బిడ్డా, ఆ పట్టీ గట్టిగ కట్టకు, నాకు భయమైతది."

బీపీ పట్టీ ఎందుకో చెబితే గానీ చెయ్యి ఇచ్చేది కాదు. ఎన్ని నెలలైనా ఆ టైవాడు నేర్పలేనిది ఆమె నాలుగు మధ్యాహ్నాల్లో నేర్పింది: ముందు మనిషి ముఖం చూడాలి, మాట దాని వెనకే వస్తుంది.

ఇద్దరం ఇంగ్లండు చేరాక వారం తేడాతో పరీక్షకు వెళ్లాం. ఆమె మొదటిసారే పాసైంది. నేను రికార్డు రాసే చోట తప్పాను. ఒక తప్పు అంకె కొట్టేసి పక్కన సంతకం పెట్టలేదు. పదకొండేళ్లుగా వార్డులో నేను అలాగే కొట్టేస్తూ వచ్చాను. అందరినీ చులకనగా చూసిన నాకు నా చేతిరాతను చూసుకునే తీరిక లేకపోయింది. ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. రెండోసారి వెళ్లి పాసయ్యాను.

ఫలితం తెలిసిన రెండు రోజులకు, ఎవరు చెప్పారో గానీ, సెంటర్ సారు దగ్గర నుంచి మెసేజ్. "కంగ్రాట్స్ సిస్టర్. ఒక ఫోటో పంపుండ్రి, సెంటర్ గోడకు పెడత." ఎన్నడూ లేనిది, మర్యాద కూడా చేర్చాడు. నేను నంబరు బ్లాక్ చేశాను. అదే మెసేజ్ అందిన ఆ అమ్మాయి మాత్రం తన ఫోటో పంపింది. ఎందుకు పంపావని అరిచాను.

"పోనియ్యక్కా, పాపం" అంది.

పాపం అనడానికి ఆమెకు మనసొచ్చింది. నాకు ఇప్పటికీ రాదు.