సోడా చివర్లో పోయాలి

విజయపురి సౌత్ డ్యామ్ కాలనీలో గోల్ఫ్ ఆడేవాళ్ళు ఉండేవారంటే ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళే నమ్మరు. ఆడింది ఇద్దరే. ఒకరు మా ఆయన, ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు. రెండోవారు ఆయన పై అధికారి. ఎక్కడో ఉత్తరాదిలో ఉన్నప్పుడు ఆ ఆట నేర్చుకుని, బదిలీ మీద ఇక్కడికి వస్తూ కర్రల సంచీ కూడా తెచ్చుకున్న మనిషి. డ్యామ్ కట్టే రోజుల్లో యంత్రాలు నిలిపిన బీడు ఒకటి కాలనీ వెనక ఉండేది. అక్కడ బంతి పడే గుంటలకని పాలపొడి డబ్బాలు నేలలో పాతి, చుట్టూ ఇసక పోసి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద పాత ఇంజనాయిలు చల్లించారు. గడ్డి మొలవని చోట గోల్ఫ్ అలాగే ఆడతారట. బంతి రాయికి తగిలి ఎటు పోయేదో దేవుడికే తెలియాలి.

ఆదివారం వాళ్ళిద్దరూ అటు పోతే నేను క్వార్టర్లో ఒక్కదాన్నే. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. డ్యామ్ పని అయిపోయి చాలామంది వెళ్ళిపోవడంతో మా వరసలో సగం ఇళ్ళకు తాళాలే. మాచర్ల బస్సు హారన్ వినపడితే గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. నా కోసం ఎవరూ దిగరని తెలిసినా నిలబడేదాన్ని.

నరసరావుపేటలో మా నాన్నది సోడా కొట్టు. గోలీసోడాలు అమ్మి నన్ను డిగ్రీ చదివించాడు. మా ఆయన నన్ను చూసి ఇష్టపడే చేసుకున్నాడు గానీ వాళ్ళది పొలాలున్న కుటుంబం. ఎవరైనా అడిగితే కూల్‌డ్రింకుల ఏజెన్సీ అని చెప్పాలని పెళ్ళి మాటల్లోనే మా మామగారు తేల్చేశారు. నాన్న తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

వేసవి మొదట్లో ఒకసారి ఆ ఎండలో నీళ్ళు కలిపిన విస్కీ తాగి, మా ఆయన తల తిరిగి వచ్చి పడుకున్నాడు. పై వారం నుంచి వాళ్ళకి కలిపిచ్చే పని నేను చేతిలోకి తీసుకున్నాను. నిమ్మరసంలో ఉప్పూ పంచదారా ముందే కరిగించి, నాలుగు పుదీనా ఆకులు నలిపి వేసి, ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద చూసుకుని, అప్పుడు కొద్దిగా విస్కీ కలిపేదాన్ని. రంపప్పొట్టులో దాచిన ఐసు కడిగి ఫ్లాస్కులో వేసేదాన్ని. సోడాలు మాత్రం విడిగా తడిగోనెలో చుట్టి బుట్టలో పెట్టేదాన్ని. తాగేముందు గ్లాసు వంచి అంచు వెంబడి సోడా పోయాలి, చెంచా పెట్టి తిప్పకూడదు. ఉప్పు చివర్లో వేశారా, సగం సోడా పొంగి నేలపాలే. కొట్టు వెనక పెరిగిన పిల్లకు ఇవన్నీ ఎవరూ నేర్పక్కర్లేదు. పైగా చూసేవాళ్ళకి అది ఒట్టి నిమ్మసోడా. పట్టపగలు కాలనీలో విస్కీ తాగారన్న మాట రాకూడదు కదా.

సాయంత్రానికి ఖాళీ ఫ్లాస్కు తిరిగొచ్చేది. సార్‌కి చానా నచ్చిందనేవాడు మా ఆయన. ఎవరు చేశారని అడిగారా అంటే, ఆటలో అవన్నీ ఎవరడుగుతారనేవాడు. నేను నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ‘మా ఆవిడ చేసింది’ అని ఒక్కసారి ఆయన నలుగురిలో అంటే చాలనుకున్నాను. వారమంతా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు ఉండేది.

రోహిణీకార్తెలో ఒక ఆదివారం ఎండకు తాళలేక ఆట మధ్యలో ఆపేసి ఇద్దరూ మా వరండాలో కూర్చున్నారు. మిగిలింది అక్కడే తాగుతున్నారు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని కర్టెన్ దాకా వచ్చాను. ఇంత మంచి పద్ధతి ఎక్కడ నేర్చావని సార్ అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో చూసి నేర్చుకున్నానని మా ఆయన తడుముకోకుండా చెప్పాడు.

నేను వెళ్ళి చెంబు స్టూలు మీద పెట్టాను.

“అది నేను కలిపింది సార్. నరసరావుపేటలో మా నాన్నకి సోడా కొట్టుంది” అన్నాను.

సార్ నా వైపు తిరిగి, మా నాన్నగారికి తన నమస్కారం చెప్పమన్నారు. గ్లాసు ఖాళీ చేసి ఇంకొంచెం పోయించుకున్నారు. అంతే. కొంపలేమీ మునగలేదు. మా ఆయన మాత్రం సార్ వెళ్ళేదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

“నువ్వు కలిపావని చెప్పు, నేనేమన్నా వద్దన్నానా? మధ్యలో ఆ కొట్టు ఊసెందుకే?” అన్నాడు తర్వాత.

కొట్టు లేకపోతే ఈ కలపడం ఎక్కడిదనుకుంటూ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ వారం వడ్డిస్తే తిన్నాడు, అడిగితే ఊఁ అన్నాడు. తాళాలు వేసిన ఇళ్ళ మధ్య ఇంతకు ముందు ఒంటరిగా ఉన్నాననుకున్నాను గానీ, అసలు ఒంటరితనం అంటే ఏంటో ఆ వారమే తెలిసింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. నేను నిమ్మకాయలు కోస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, ఈ ఎండలకి విస్కీ వేడి చేస్తుందని, ఇక మీదట ఫ్లాస్కులో మజ్జిగ పొయ్యమని చెప్పాడు. గొంతులో కోపం లేదు. వారం తర్వాత మామూలుగా మాట్లాడాడు. అల్లం దంచి, కరివేపాకు తుంచి, ఉప్పేసి మజ్జిగ పోసిచ్చాను. ఈలవేసుకుంటూ వెళ్ళాడు.

అదీ నేను చేసిందే. కానీ మజ్జిగ ఎవరు చేశారని, ఎక్కడ నేర్చారని ఎవరూ అడగరు.