చిన్నత్త కుడి పక్కన

పెండ్లిచూపులంటే నా చిన్నప్పుడు మాకు పండగే. మా చిన్నత్తను చూడ్డానికి చాగలమర్రి నుంచి పెండ్లికొడుకు వాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజున, ఆళ్లగడ్డ బస్టాండుకూ మా ఇంటికీ మధ్య పిల్లలం ఎన్నిసార్లు పరుగెత్తామో మాకే తెలియదు.

చిన్నత్తకు పసితనంలో వచ్చిన జ్వరం వల్ల ఎడమ చెవి వినపడదు. ఆ మాట ఇప్పుడు ఎత్తొద్దని పెద్దనాయన పట్టుబట్టాడు. అంతకుముందు రెండు సంబంధాలు ఆ ఒక్క మాటతోనే తప్పిపోయాయి మరి. పెండ్లయ్యాక ఎట్లాగూ తెలుస్తుంది, అప్పుడు వాళ్ళే సర్దుకుంటారని ఆయన వాదన. మా జేజి, అంటే చిన్నత్త వాళ్ళమ్మ, ఆయనతో వాదించలేదు. నేరుగా వంటింట్లోకి పోయి, జడ వేసుకుంటున్న చిన్నత్త ముందు కూర్చుంది.

"పాపా, నీ చెవి మాట వాళ్ళకు చెప్పేదా? నీకు ఇష్టం లేకపోతే రావద్దని ఇప్పుడే కబురు పెడతా. యేసయ్యకు ప్రార్థన చేసిన నోటితో అబద్ధం మాత్రం చెప్పలేనమ్మా."

చిన్నత్త జడ అల్లడం పూర్తిచేసి, చివర రిబ్బను కట్టుకుంది. తర్వాత, "చెప్పుమ్మా. నేనూ ఆడ్నే ఉంటా" అంది.

వాళ్ళు రానే వచ్చారు. ప్రార్థన అయింది, కాఫీలయ్యాయి. మేము తలుపు వెనక ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం. జేజి గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"మా పాపకు ఎడమ చెవి ఇనపడదు. కుడి పక్క కూర్చోని మాట్లాడితే మెల్లిగా చెప్పినా ఇనపడతాది. పనిలో, పాటలో, మనసులో ఏ కొరతా లేదు. మీరు ఆలోచించుకోండి. వద్దన్నా మాకేం కోపం లేదు."

పెద్దనాయన కళ్ళు మూసుకున్నాడు. పెండ్లికొడుకు తల్లి కొడుకు వైపు చూసింది. ఇక లేచి వెళ్ళిపోతారనే అనుకున్నాం. నిజంగానే పెండ్లికొడుకు లేచాడు. లేచి, తన కుర్చీ ఎత్తుకుని, గది దాటి వచ్చి చిన్నత్త కుడి పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఆమెకు మాత్రమే వినపడేట్టు ఏదో అడిగాడు. చిన్నత్త ముఖమంతా నవ్వయింది. అవునన్నట్టు తలూపింది. మేము ఆగలేక కేకలు పెట్టి, తలుపుతో సహా గదిలో పడ్డాం.

పెండ్లి మా చర్చిలోనే జరిగింది. మామ ఆ రోజు ఏమడిగాడో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు. వాళ్ళిప్పుడు నంద్యాలలో ఉంటున్నారు. పోయినప్పుడల్లా అడుగుతాను, నవ్వి ఊరుకుంటారు.

అందరిలో నిజం చెప్పడానికి ధైర్యం కావాలని ఆ రోజు చూశాను. కానీ నాకు ఎక్కువగా మిగిలింది వంటింట్లో జరిగిన ఆ కాసింత మాట. ఇప్పటికీ ఎవరి గురించైనా కష్టమైన నిజం చెప్పాల్సి వస్తే, ముందు వాళ్ళ ఎదుట కూర్చుని, "చెప్పేదా?" అని అడుగుతాను.