మా నాయన చదవడం మానేసిన పుస్తకం

మా నాయన జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో చర్చి ఉపదేశి. పాస్టరయ్య నెలకొకసారి వచ్చి, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధన జరిపించి పోయేవాడు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేదీ, వాక్యం చదివి అర్థం చెప్పేదీ నాయనే. బైబిల్లో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది సువార్తల తరువాత వచ్చే, ప్రభువు శిష్యులైన అపొస్తలుల పుస్తకం. సంఘం ఎట్లా పుట్టిందో చెప్పే కథ అది. ప్రభువు వెళ్లిపోయినాక మేడగదిలో ప్రార్థన చేసుకుంటా కూర్చున్న కొద్దిమంది వీధిలోకి వచ్చి మాట్లాడటం మొదలుపెడతారు. ఉన్నదంతా ఒకచోట పెట్టుకుని, ఇంటింటా రొట్టె విరుచుకుని తింటారు.

నాయన చదువుతాంటే అది ఏదో దూరదేశం సంగతి అనిపించేది కాదు. మా చర్చి కూడా అట్లాగే పుట్టింది. నాయనా, ఆయన స్నేహితుడొకాయనా కూలికి పోయి వచ్చినాక, సాయంత్రాలు నాపరాళ్లు మోసి కట్టినారు దాన్ని. ఆ స్నేహితుణ్ణి నేను చిన్నాయన అనేదాన్ని, ఆయన భార్యను చిన్నమ్మ అనేదాన్ని.

నాయన మళ్లీ మళ్లీ చెప్పే ఘట్టం ఒకటుంది. ఆ శిష్యుల్లో ఇద్దరు జాలర్లను పెద్దల సభ ముందు నిలబెట్టి, ఇక నోరెత్తొద్దని బెదిరిస్తారు. కళ్లారా చూసింది చెప్పకుండా ఉండటం మా వల్ల కాదంటారు వాళ్లు. సంఘం నిలబడింది ఆ తెగింపు మీదనే అనేవాడు నాయన.

ఊర్లో రెండు వర్గాలు, చెరొక పార్టీ. మా పేటలో సగం మంది ఒక పెద్దాయన చేలల్లో, సగం మంది ఇంకొకాయన చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఎలక్షన్లు దగ్గరపడేకొద్దీ చర్చిలో కూడా ఎవరి వర్గం వాళ్లు ఒకపక్క చాపలేసుకోవడం మొదలైంది. నాయన ఒక ఆదివారం ఆ పుస్తకంలోనే విధవరాండ్ర తగువు చదివి వినిపించినాడు. అన్నం పంచేకాడ మావాళ్లకు తక్కువ పెడతాండారని మొదటి సంఘంలోనే గొడవ వస్తే, అపొస్తలులు అందరినీ పిలిచి కూర్చోబెట్టి తీర్చినారు. వాళ్లకే తప్పలేదు, మనమెంత అని నాయన నవ్వినాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఎలక్షన్లు అయిపోయినాక ఒకరోజు చిన్నాయన శనగచేనికి నడిచి పోతాంటే పట్టపగలే నరికినారు. ఆయనకు ఏ తగువుతోనూ సంబంధం లేదు. నరికినోళ్లకు ఎదుటి వర్గం పెద్దాయన కూలిమనిషి, ఒంటరిగా దొరికినాడు, అంతే. నాయన జమ్మలమడుగు నుంచి సైకిల్ మీద వస్తా తుమ్మచెట్ల అవతల నుంచి అంతా చూసినాడు. నలుగురు నరికినారు. ఐదోవాడు మోటారు సైకిళ్ల దగ్గర, వాళ్లు విప్పి ఇచ్చిన చొక్కాలు పట్టుకుని నిలబడినాడు. ఆ ఐదోవాడు మా చర్చి మనిషి. నాయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు. నాయనకు జ్వరమొస్తే ఆదివారం వాక్యం చదివేది కూడా అతనే. అతను తలెత్తి నాయనను చూసినాడు.

నేను అప్పుడు ప్రొద్దుటూరులో నర్సు ట్రైనింగులో ఉన్నాను. నేను వచ్చేటప్పటికి సమాధి అయిపోయింది. నాయన ఆ పుస్తకమే ముందర పెట్టుకుని, రాళ్లతో కొట్టి చంపిన భక్తుని కథ చదువుకుంటా ఉన్నాడు. అక్కడ కూడా చంపేవాళ్ల బట్టలకు కాపలా ఉన్న ఒక యువకుడు ఉంటాడు. తరువాత దారిలో ప్రభువు వెలుగు తగిలి కిందపడి, చూపు పోయి, మళ్లీ చూపు వచ్చి, ఊరూరా సంఘాలు కట్టేది ఆ మనిషే. ఇతను కూడా మారతాడని నాయన నాకు చెప్పినాడు. చిన్నమ్మ దగ్గరికి పోయి ఆమెకూ చెప్పినాడు.

"మారనీలే అన్నా," అనింది చిన్నమ్మ. "చచ్చినోని పెండ్లాం ఏమైందో ఆ పుస్తకంలో యాడన్నా రాసినారా?"

నాయన ఇంటికి వచ్చి వెతికినాడు. భక్తిగలవాళ్లు ఆయనను సమాధి చేసి చాలా ఏడ్చినారని ఉంది. ఆయనకు పెండ్లాం ఉందో లేదో కూడా లేదు.

నాయన పోలీసులకు ఐదుగురి పేర్లూ చెప్పినాడు. కేసు కోర్టుకొచ్చింది. సాక్ష్యానికి కొన్ని రోజుల ముందు ఒక మనిషి మా హాస్టల్ గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించినాడు. నేను ఏ బస్సుకు ఊరికి పోతానో, యాడ దిగుతానో, అక్కడి నుంచి ఎంతదూరం ఒంటరిగా నడుస్తానో నిదానంగా చెప్పి, జాగ్రత్తమ్మా అని పోయినాడు. గొంతు కూడా పెంచలేదు.

నేను ఆ రోజే ఇంటికి పోయి, చూడలేదని చెప్పు నాయనా అన్నాను. నాయన ఆ పుస్తకం ముందరికి లాక్కున్నాడు.

"నాకు బతకాలని ఉంది నాయనా" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టింది కాదు.

కోర్టులో నాయన బోనెక్కి, దూరం నుంచి చూసినానని, ముఖాలు తెలియలేదని చెప్పినాడు. వెనక బెంచీ మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. ఆమె ఏడ్వలేదు, తిట్టలేదు, లేచి బయటికి పోయింది. కేసు కొట్టేసినారు. ఆ ఆదివారం నాయన చర్చిలో ఆ పుస్తకం తెరిచి, కాసేపు చూసి, మూసేసినాడు. ఒక పాట పాడించి అందరినీ ఇండ్లకు పంపినాడు.

కొన్నాళ్లకు ఆ ఐదోవాడు మా ఇంటికి వచ్చినాడు. గడప దగ్గరే నిలబడి, "అయ్యా, నీ వల్ల బయటపడినా. నీకేం కావాల్నో చెప్పు," అన్నాడు. చర్చికి రమ్మన్నాడు నాయన. వస్తానని చెప్పి పోయినాడు గానీ రాలేదు. తరువాత పులివెందుల పక్క ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి, ఇల్లు కట్టుకుని, బాగానే బతికినాడని విన్నాము. ఏ దారిలోనూ ఏ వెలుగూ అతన్ని ఆపలేదు.

పుస్తకంలో ఆ భక్తుణ్ణి చంపినాక విశ్వాసులు చెదిరిపోతారు. చెదిరిన చోటల్లా సంఘం మొలుస్తుంది. మావాళ్లూ చెదిరిపోయినారు. కొందరు చాపాడు పక్కకు, కొందరు ప్రొద్దుటూరుకు, ఇద్దరు ముగ్గురు కువైట్‌కు. పోయిన చోట పనిలో చేరినారు, అంతకుమించి ఏమీ మొలవలేదు. మా చర్చి తలుపుకు తాళం పడింది.

చివరి ఏండ్లు నాయన ప్రొద్దుటూరులో నా దగ్గరే ఉన్నాడు. చూపు తగ్గినాక నేనే బైబిల్ చదివి వినిపించేదాన్ని. ఒకసారి, సువార్తలు అయిపోయినాయి కదా అని, ఆ తరువాతి పుస్తకం మొదలుపెట్టబోయినాను.

"అది వద్దమ్మా. అది చూసింది చెప్పినోళ్లది," అన్నాడు.

ఆయన పోయిన మరుసటి ఏడు, నేను పనిచేసే ఆసుపత్రికి చిన్నమ్మ బీపీ చూపించుకోవడానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. చేతికి పట్టీ చుడతాంటే, నాయన పోయినాడంట కదా అని అడిగింది. అవునన్నాను. నాకు పిల్లలెంతమందని అడిగితే, ఇద్దరని చెప్పినాను. ఆమె తల ఊపి, చేయి చాచి అట్లాగే పెట్టుకుని, బీపీ మిషను గడియారంలో ముల్లు దిగేదాకా దానివైపే చూస్తా కూర్చుంది.

ఎక్కువగా ఉందని చెప్పినాను. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పినాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉందని నాకు తెలుసు, సాక్ష్యానికి ముందు నాయనతో నేనన్న మాట. అది చెప్పేలోపల తరువాతి మనిషిని పిలిచినారు, చిన్నమ్మ లేచి బయటికి పోయింది.