అడక్కుండా రాసిన హిస్టరీ

2023లో జెద్దాలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఆర్థో వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఒక గదిలో ఇద్దరు పేషెంట్లు. ఒకరు నార్వే రచయిత, డెబ్బై ఏళ్లుంటాయి. నవల కోసం జెద్దా పాతబస్తీ బలద్‌లో ఇళ్లు చూస్తూ మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. రెండో అతను జగిత్యాల తాపీమేస్త్రి గంగాధర్. తొడ ఎముక విరిగింది.

పేషెంటు రాగానే ఏం జరిగిందో అడిగి రాసుకోవడాన్ని మేం హిస్టరీ అంటాం. గంగాధర్‌ను తెచ్చిన కంపెనీ సూపర్‌వైజర్, అతనుండే కంపెనీ రూములో బాత్రూం దగ్గర జారిపడ్డాడని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాడు. నేనూ రాసేశాను. ఇంగ్లీషు వచ్చినవాడు చెప్తే పని తొందరగా తెములుతుందని మా అందరికీ అదే అలవాటు.

రచయిత మాత్రం ప్రశ్నలతో నన్ను కాల్చుకు తిన్నాడు. వాళ్ల నాన్నమ్మ నవలలు రాసేదట, తండ్రి నాటకాలు. ఇంటిపేరు చూసి మెచ్చుకుంటారేమోనని ఈయన నలభై దాటేదాకా ఒక్క పుస్తకం కూడా వేయలేదట. తండ్రి సొంత తమ్ముడి కథను అడక్కుండా నాటకంలో పెడితే ఆ తమ్ముడు మళ్లీ వాళ్ల గడప తొక్కలేదట. అందుకే మనిషి సంగతి ఆ మనిషినే అడగాలని ఈయన పట్టు.

"ఇతని గురించి అందరూ చెప్తున్నారు. ఇతనేం చెప్పాడు?" అన్నాడు గంగాధర్ మంచం వైపు చూపిస్తూ.

నాకు ఒళ్లు మండింది. నా వార్డులో నాకే పాఠాలా? ఆ మంటతోనే వెళ్లి గంగాధర్‌ని అడిగాను.

"సైటు మీద చెక్క ఇరిగి పడ్డ సిస్టరమ్మా. బెల్టియ్యలే. రూముల పడ్డనని చెప్పకుంటే వీసాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తమన్నరు." మళ్లీ తనే, "నువ్వు తెలుగామెవే గదా, మొదటి దినమే అడుగుతవనుకున్న" అన్నాడు.

చెంప ఛెళ్లుమన్నట్టయింది. రూములో పడితే అది పని ప్రమాదం కాదు, కంపెనీకి బాధ్యత ఉండదు. విరిగిన కాలుతో అతన్ని ఊరికి తోలెయ్యడానికి నా రాత ఒక్కటి చాలు.

మా పనిలో రాసింది చెరపకూడదు. కింద టైము వేసి, సంతకంతో లేట్ ఎంట్రీ రాయాలి. గంగాధర్ మాటల్ని అతని మాటలుగానే రాసి డాక్టరుకు చూపించాను. ఆయన కూడా నాచేత గంగాధర్‌ని అడిగించి సంతకం పెట్టాడు. సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి, మీ భాషవాడని రాశావా, తీసెయ్ అని మీదికొచ్చాడు.

"కాలు అతనిది, అందుకని అతన్నడిగి రాశాను. మీ కాలు విరిగిన రోజున మిమ్మల్నడుగుతాను" అన్నాను.

అది పని ప్రమాదంగానే నమోదైంది. ఎగ్జిట్ ఆగింది. ఇదంతా పుస్తకంలో రాయవచ్చా అని రచయిత నాతో అడిగించాడు. గంగాధర్ వద్దన్నాడు. ఆయన నోట్‌బుక్ మూసేశాడు.

నా కోపం సగమే సూపర్‌వైజర్ మీద. వాడు అబద్ధమాడాడు సరే, దానికి ఆస్పత్రి ముద్ర వేసింది నేను. ఇప్పుడు పేషెంటు తరఫున ఎవరు నోరు తెరిచినా ముందు బయట కూర్చోమంటాను. భాష రాకపోతే వచ్చినవాళ్లని పిలిపిస్తాను. ఆలస్యమవుతోందని ఇన్‌ఛార్జ్ విసుక్కుంటుంది. విసుక్కోనీ.