వ్యాపిస్తే మంచిదా?

మా కోడలు నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు కంప్యూటర్ తెర మీద ఒక ఎర్రటి మరకను పారిస్తూ కూర్చుంటుంది. అణు విద్యుత్తు తయారయ్యే చోట పెద్ద ప్రమాదం జరిగితే లోపలి ఇంధనమూ దాని చుట్టూ ఉన్న లోహమూ కరిగి కింది నేల మీదికి పారతాయట. ఆ ముద్ద ఎంత దూరం పారి, ఎక్కడ గడ్డకట్టి ఆగుతుందో చూడడమే ఆమె పరిశోధన.

"దగ్గరికి పోయి చూసే పని కాదత్తా. అందుకే లెక్కలో పారించి చూస్తాండా" అంటుంది.

ఆళ్లగడ్డలో ఆమె చదువుకున్న బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఆ పని గురించి తెలుగులో ఒక అట్ట మీద రాసివ్వమన్నారు. ఇంగ్లీషులో ఎంతమంది ముందైనా మాట్లాడే మనిషి, దీనికి భయపడింది. సొంత ఊరివాళ్లు అట్ట చూసి, ఊరికే తల ఊపి పక్కకు పోతే తట్టుకోలేనంది.

రాసిన కాగితం ముందు నాకిచ్చింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, వయోజన విద్య కేంద్రంలో. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. 'కరిగిన పదార్థం సన్నగా వ్యాపిస్తే మంచిది' అన్న చోట వేలు ఆగింది.

"ఏంమే, 'కాదు' అనేది మింగేసినావే!"

"యాడ?"

"ఈడ. మంచిది కాదు అని కదా ఉండాల్సింది."

"లేదత్తా, మంచిదే."

"వ్యాపించేది యాడన్నా మంచిదైతాదా?"

ఆ మాట నాకు దోమల పాఠంలో వచ్చింది. మురుగు నిలిస్తే దోమలు, దోమల వల్ల జ్వరాలు వ్యాపిస్తాయి. ఆ తర్వాత పేపర్లో చదివినా అంటురోగాలో పుకార్లో వ్యాపించాయి తప్ప మంచిదేదీ వ్యాపించలేదు. అది చెబితే కోడలు పగలబడి నవ్వి, మధ్యలో ఆపేసింది.

"ఆడ చదివేటోళ్లూ ఇట్లే అనుకుంటారేమో!"

లేచి బెల్లం పాకం పట్టింది. సగం నాపరాయి మీద పోసి పలచగా పరిచింది, సగం గిన్నెలోనే ఉంచింది. రాతి మీదిది కాసేపటికే గట్టిపడింది. గిన్నెలోది పైన పొర కట్టింది కానీ వేలు పెడితే చురుక్కుమంది.

"ఆ కరిగిన ముద్ద కుప్పగా నిలిస్తే సిమెంటు నేలను తినుకుంటా దిగుతాది. పలచగా ఉంటే నీళ్లతో చల్లార్చొచ్చు."

"కొంచేపుంటే అదే చల్లారతాది గదా, తొందరేంది?"

"ఇదైతే చల్లారతాది. అది పొయ్యి లేకున్నా తనలో తానే ఉడుకుతాంటాది."

నిప్పు లేకుండా ఉడికేదేమిటి? బియ్యం కడుగుతూ అడిగాను, బట్టలు ఆరేస్తూ అడిగాను. విరిగిన పరమాణువుల ముక్కలు ఇంకా వేడిని వదులుతూనే ఉంటాయంది.

"ఎన్నాళ్లు?"

"ఏండ్లకేండ్లు, తగ్గుకుంటా తగ్గుకుంటా. మా గైడు కూడా ఇన్ని అడగడత్తా, నన్నొదులు!"

అట్ట మీద 'సన్నగా వ్యాపిస్తే' పోయి 'పలచగా పరుచుకుంటే' వచ్చింది.

ప్రదర్శన రోజు నేనూ ఆమె వెంట పోయాను. ఆళ్లగడ్డలో చాలాసేపు దాని ముందు ఎవరూ నిలవలేదు. అందరూ పక్కనున్న రాకెట్టు బొమ్మ దగ్గరికే పోతున్నారు. చివరికి, శిల్పాలు చెక్కే వాళ్ల ఇంటామె ఒకతె చేతిసంచితో వచ్చి, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆమె ఇటు తిరిగింది. "ఏమ్మా, అది పరుచుకునేంత చోటు ఆడ ఉంచినారా మరి?"

"కొత్తగా కట్టేవాట్లో కొన్నిట్లో ఉంచుతాండారక్కా. ఎంత చోటు చాలుతాదో, నేను లెక్క కట్టేది అదే."

"చాలకపోతే?" అంటూ ఆమె సంచి కింద పెట్టింది.