ఆఖరి ఫోను దాకా

మంగళవారం ఉదయం రైతు సంఘం గదిలో కరపత్రాలు మడతపెడుతుండగా కబురొచ్చింది: మా వీధి స్టూడియో మామ నిద్రలోనే వెళ్ళిపోయారు. కొన్నాళ్ళుగా ఊపిరి కోసం ఆయన పడిన అవస్థ చూసినవాళ్ళం కనుక, ఏడుపు వెనకే మనసుకు కొంత తెరిపి కూడా కలిగింది. ఆ తెరిపికి ఇంకో కారణం ఉంది. తాను చేసిన పని ఫలించిందన్న మాట ఆయన చెవులారా విన్నారు.

అనకాపల్లిలో పెళ్ళి వీడియోలు తీస్తూ తీస్తూ, లైవ్‌ల కాలం వచ్చాక అదీ నేర్చుకున్న మనిషి. ఏ ఊళ్ళో లైవ్ మొదలుపెట్టినా కంప్యూటర్ నాకప్పగించి, తన పాత ఫోను పట్టుకుని ఊరి చివరి కిళ్ళీ కొట్టు దాకా నడిచేవారు. అక్కడ కూడా బొమ్మ ఆగకుండా వస్తోందని చూసుకున్నాకే ఆయనకు టీ గొంతు దిగేది.

కిందటేడు రాంబిల్లి వైపు ఒక పల్లెకి, కాలువ గేటు సంగతి మాట్లాడడానికి ఇంజనీరు వస్తున్నారని తెలిసింది. గేటు పాడై శివారు పొలాలకు చుక్క నీరు అందడం లేదు. చెరకూ వరీ ఎండిపోతున్నాయి. అంతకుముందు ఇచ్చిన హామీలన్నీ ‘మేం అలా అనలేదే’ అన్న జవాబుతోనే ముగిశాయి. ఈసారి ఇచ్చే మాట అందరూ చూడాలి, చెరగకుండా మిగలాలి. లేకపోతే వచ్చే పంట కూడా పోయినట్టే.

లైవ్‌కి ఉన్నవాటిలో పెద్ద బొమ్మే పెట్టమన్నాను. ప్రజలకు నాసిరకమా, నాణ్యత డబ్బున్నవాళ్ళ సొత్తా అని అక్కడే ఉపన్యాసం ఇచ్చేశాను. ఆయన అడ్డురాకుండా అంతా విని, బిట్‌రేటు, అంటే సెకనుకు పంపే డేటా, సగానికి దించేశారు.

“రాజీ పడిపోతన్నావు మామా,” అన్నాను.

“సూసేవోడి సిగ్నల్ని బట్టి పంపాల అల్లుడూ, నీ కోపాన్ని బట్టి కాదు. తెర మీద సక్రం తిరుగుతా ఉంటే ఆడికి నీ నాణ్యతేటి కనపడతాది?”

ఆ బిట్‌రేటు కూడా ఎగుడుదిగుడు లేకుండా కట్టేశారు. బెల్లం పెనం కింద మంటలా నిలకడగా ఉండాలట. రెండేసి సెకన్లకొకసారి నిండు బొమ్మ వెళ్ళేలా కీఫ్రేమ్ అమర్చారు. ఎందుకని అడిగితే, “ఆలీసంగా వచ్చినోడు నల్లతెర సూత్తా కూకోకూడదు,” అన్నారు. నా కరపత్రాల్లో సమానత్వం గురించి చాలా ఉంది గాని, ఇంత క్లుప్తంగా లేదు.

రికార్డింగు దగ్గర మాత్రం ఏమీ తగ్గించలేదు. లైవ్ ఎదుటివాళ్ళకి, రికార్డింగు రేపటికి, రెంటికీ ఒకే కొలత ఏమిటనేవారు. ఫైలు ఎమ్‌పీ4 వద్దని ఎమ్‌కేవీ పెట్టారు. మొదటిది పద్ధతిగా ముగిస్తేనే తెరుచుకుంటుంది. రెండోది ఎక్కడ తెగితే అక్కడిదాకా దక్కుతుంది.

సభ మధ్యలో కరెంటు పోయింది. సెల్ టవరు కూడా పడుకుంది, లైవ్ ఆగిపోయింది. మేం ముందే జనరేటరుకు తగిలించుకున్న కంప్యూటర్‌లో రికార్డింగు నడుస్తుండగానే ఇంజనీరు లేచి, వరి నాట్లలోపు గేటు బిగిస్తామన్నారు. చప్పట్లు సద్దుమణగకముందే జనరేటరూ ఆగింది. కంప్యూటర్ ఆరిపోయింది. నేను ఉపన్యాసం ఎత్తుకోకుండా ప్లగ్గులు తడుముకున్నాను. అది మాత్రం వింతేనని మావాళ్ళు ఇప్పటికీ అంటారు.

కరెంటొచ్చాక మామ ఫైలు తెరిచారు. ఇంజనీరు ముఖం, గొంతు, గేటు మాట, చప్పట్లు. అక్కడ తెగింది.

“ఉంది,” అన్నారు మామ.

తర్వాత ఇంజనీరు ఆఫీసుకెళితే మళ్ళీ పాత జవాబే వచ్చింది. ఈసారి గొంతు పెంచలేదు, వీడియో వేసి చూపించాం. గేటు బిగించారు.

నీళ్ళు వదిలిన రోజు మంచం పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పాను. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగారు.

“శివారు దాకా ఎళ్ళేయా?”

“ఎళ్ళేయి మామా.”

“మరింకేటి,” అని అటు తిరిగి పడుకున్నారు.

ఆయన్ని సాగనంపిన రోజు శివారు రైతులు నాట్లు మధ్యలో వదిలేసి, బళ్ళ మీద నేరుగా వచ్చేశారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే స్టూడియో మెట్ల నిండా ఆరీ ఆరని బురద పాదాలు. అత్త చీపురు పట్టుకుని వచ్చింది. కాసేపు వాటినే చూసి, చీపురు గోడకు ఆనించి, అంచుల వెంట జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్ళింది.