మూడు నిమిషాల మల్లన్న లగ్గం

కొలువుల చేరిన రెండున్నర నెలలకే ఆ కొలువుకు నీళ్లొదులుకునే పని చేసినోళ్లు మీల ఎవలన్న ఉంటే చెయ్యి లేపుండ్రి. నేనైతే రెండు చేతులు లేపుత. గోటితోని పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నోళ్ల ముచ్చట మీరు ఇన్నరు. ఏడుగురు మనుషులను, రెండు డోళ్లను, సంచెడు పసుపును బస్సెక్కిచ్చి మరీ తెప్పిచ్చుకున్నదాని ముచ్చట ఇప్పుడు ఇనుండ్రి.

హైదరాబాద్ కళల మీద ఒక టీవీ సిరీస్ తీస్తుండిరి. పాతబస్తీల కవ్వాలి పాడేటోళ్లు, గోడల మీద బొమ్మలేసే పోరగాండ్లు, నాటకాలోళ్లు, వారానికొక ఎపిసోడ్. దాంట్ల నేను అసిస్టెంట్. అసిస్టెంట్ అంటే ఏదో పెద్ద ముచ్చట అనుకునేరు. వైర్లు చుట్టుడు, చాయ్ చెప్పుడు, రానోళ్లకు ఫోన్ చేసుడు. మూడు నెలలు చూసి, ఉంచుకునేది పంపేది చెప్తమన్నరు. పంపితే నేను కరీంనగర్ పక్కన మా ఊరికి పోవాలె. ఆడ మా అవ్వ ఒక సంబంధం పట్టుకొని కూసున్నది. పిలగాడు దుబాయ్‌ల ఏసీలు బాగుచేస్తడట. కొలువున్నన్ని రోజులే నాకు ఆ ఏసీల పిలగాని బాధ లేకుంట ఉండేది.

బోనాల టైముల జిల్లాలకెల్లి నగరానికొచ్చే కళల మీద ఎపిసోడ్ అనుకున్నరు. మా డైరెక్టర్ మూర్తి సార్‌ది బెజవాడ దిక్కు. ఒగ్గుకథ మూడు నిమిషాలు కావాలె, ఎవలన్న తెలుసా అని అడిగిండు. నేను ఊకుంటనా? మా ఊరి ఐలయ్య తాత ఉన్నడు సార్, ఒగ్గు డమరుకం పట్టుకొని మల్లన్న కథ అందుకున్నడంటే చెట్ల మీది పిట్టలు గూడ ఇంటయి, నేనంటే పానమిస్తడు అని చెప్పిన. నిజం చెప్పాల్నంటే తాత నన్ను చూసి ఆరేండ్లయింది.

ఫోన్ చేసిన. తాత అంత ఇని ఒక్కటే అడిగిండు.

"ముచ్చటకా బిడ్డా, మొక్కుకా?"

ఇగో, నేను బొక్కబోర్ల పడ్డది ఈడనే. ముచ్చటకు అంటే ఏదో పైపైన కానిచ్చి పోతడు, మొక్కుకు అంటే పానం పెట్టి పాడుతడు, గంతే గదా అనుకున్న. ఊరు ఇడిచి నగరం నీళ్లు తాగిన తెలివి మరి.

"మొక్కుకే తాత. ఏం తక్కువ చెయ్యకు."

"నువ్వే మొక్కినవా?" అన్నడు. నేనే అన్న. మంచిదని ఫోన్ పెట్టేసిండు.

షూటింగ్ రోజు పొద్దుగాల తొమ్మిదింటికే దిగిండ్రు. మాకు హాలు ఒంటిగంట దాక. ఒంటిగంటకు అదే స్టేజీ మీద ఒక డ్యాన్స్ టీచరమ్మ తన శిష్యురాండ్లతోని కార్యక్రమం పెట్టుకున్నది. తాత వాళ్లు వచ్చుడు వచ్చుడే స్టేజీ కడిగి పట్నం వేసుడు మొదలువెట్టిండ్రు. పట్నం అంటే దేవుని ముందర పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడితోని వేసే పెద్ద ముగ్గు. రెండు గంటలు పట్టింది. మూర్తి సార్ దాని చుట్టూ తిరిగి తిరిగి, "రజితా, శభాష్" అన్నడు. కొలువు పక్కా అయినట్టే అనుకొని నేను లోపల్లోపలనే దావత్ చేసుకున్న.

పదకొండింటికి డోలు మీద దెబ్బ పడ్డది. మూడు నిమిషాలకు సార్ కట్ అన్నడు. కెమెరా ఆగింది గని డోలు ఆగలే.

ఇంకొకపారి గట్టిగ కట్ అన్నడు. అటుదిక్కు డోలు గూడ గట్టిగ అందుకున్నది. సార్ నా దిక్కు చూసి పోయి ఆపమన్నడు. కెమెరా పక్కన నిలవడి రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిచ్చిన. తాత నవ్వుకుంట వచ్చి నా నొసటికి ఇంత పసుపు పూసి పోయిండు. ఇగ లాభం లేదని దగ్గరికి పోయి, తాతా, అయిపోయింది, చాలు అని చెవుల చెప్పిన. తాత దాన్ని గూడ పాటల కలుపుకున్నడు. బిడ్డ తొందరవడుతున్నది, లగ్గానికి తొందరవడుతున్నదని ఆయన పాడుడు, ఎనుకున్నోళ్లు ఆహా అనుడు.

పావు తక్కువ పన్నెండుకు హాలు మేనేజర్ వచ్చి గడియారం చూపెట్టి పోయిండు. పన్నెండుకు టీచరమ్మ దిగింది, ఎనుక ఇరువై మంది పిల్లలు కాళ్లకు గజ్జెలు కట్టుకొని. వాళ్ల తల్లిదండ్రులు పూలబొకేలతోని ముందు కుర్చీలల్ల కూసున్నరు. మూర్తి సార్ మొఖం పట్నంల ఉన్న రంగులన్నీ ఒక్కొక్కటి చూపెట్టింది. నన్ను పక్కకు పిలిచిండు. కోపంగ అంటే గూడ బాధ లేకపోవు, మెల్లగ అన్నడు.

"ఒంటిగంటకి ఆ డోలు ఆగకపోతే, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా."

నాకు కండ్ల ముందట దుబాయ్ ఏసీలన్నీ ఒక్కపారి తిరిగినయి. గంతల తాత ఎనుక పాడే కొమురయ్య మామ నీళ్లు తాగుదామని పక్కకొస్తే, పోయి చెయ్యి పట్టుకున్న.

"మామా, నీ కాల్మొక్కుత, జర ఆపుండ్రి."

"ఆపుడేంది? మొక్కు అంటివి గదా. ముచ్చటకంటే ఏడ ఆపమంటే ఆడ ఆపుదుము. మొక్కు అన్నవు గనుకనే పట్నం వేసినం. పట్నం మీద దేవుడు కూసున్నడు. మేడలమ్మతోని లగ్గం గాకుంట లేస్తడా?"

"లగ్గం ఎప్పుడైతది?"

"పొద్దుగూకేటాలకు."

పైపానం పైనే పోయింది. దండం పెట్టి, కొలువు ముచ్చట అంత చెప్పి, ఏదన్న తొవ్వ చెప్పుమని బతిలాడిన. మామ గడ్డం గోక్కున్నడు. కథ కుదిచ్చి లగ్గం ముందటేసుకోవచ్చు గని, రెండు దిక్కుల పెద్దమనుషులు కూసుండాలె అన్నడు. మేడలమ్మ తరఫున ఎవలు మామా అంటే, మొక్కినోళ్లదే పిల్లదిక్కు, నువ్వే అన్నడు. ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటరు. నాకు మొగడు లేడు, మనువు లేదు, బిడ్డ లగ్గం ముందటవడ్డది.

మామ పోయి తాత చెవుల చెప్పిండు. తాత ఒగ్గు ఆపకుంటనే హాలంత కలియజూసి, మల్లన్న దిక్కు ఎవలు అని అడిగిండు. కెమెరామన్ మెల్లగ చెయ్యి లేపి మూర్తి సార్‌ను చూపెట్టిండు.

"నేనా? నాకేం తెలుసయ్యా?" అన్నడు సార్.

"తెలిసేదేముంటది. మొగపిలగాని తండ్రి అలిగి కూసుంటే చాలు. మీరు పొద్దట్నుంచి అదే చేస్తుండ్రు గదా" అన్నడు తాత.

హాలంత నవ్వింది. సార్ గడియారం చూసిండు, నన్ను చూసిండు, బూట్లు ఇడిచి స్టేజీ ఎక్కిండు. తలకు రుమాలు చుట్టిండ్రు, నొసటికి పసుపు పెట్టిండ్రు. ఇటు నేను, అటు సార్, నడుమ పట్నం. గజ్జెల పిల్లలు చుట్టాల లెక్క చుట్టూ కూసున్నరు. పన్నెండున్నర దాటింది. గింత తొందరల గూడ తాత పద్ధతి ఇడువలే. అలిగిన వియ్యంకుని ముందు నిలవడి, ఏం పెడితే అలక తీరుతదో చెప్పుమన్నడు. సార్ రెండు చేతులు జోడిచ్చిండు.

"నాకేమీ వద్దు బాబూ. ఒంటిగంటకల్లా ఆ డోలు ఆగితే చాలు."

పావు తక్కువ ఒంటిగంటకు తలంబ్రాలు పడ్డయి. పది నిమిషాలల్ల డోలు ఆగింది. ఆ చప్పుడు లేకపోవుడు ఎంత హాయిగ ఉన్నదో నేను చెప్పలేను, కూసున్నకాన్నే ఏడ్చిన. బిడ్డ లగ్గంల తల్లి ఏడ్వదా అని అందరు నన్ను ఓదార్చిండ్రు. పట్నం మీది పసుపు తలా ఇంత తీసుకున్నరు, టీచరమ్మ గూడ నొసటికి పెట్టుకున్నది, స్టేజీ ఆ పిల్లలే ఊడ్చిండ్రు. పోయేటప్పుడు తాత మూర్తి సార్ చెయ్యి పట్టుకొని, మా వియ్యపురాలిని మంచిగ చూసుకోండ్రి, ఇగ మీ రెండిండ్లు ఒక్కటే అని అప్పజెప్పి పోయిండు.

సార్ వారం దినాలు నాతోని మాట్లాడలే. నేను బ్యాగు సదురుకొనే ఉన్న. ఎపిసోడ్ వచ్చింది. లెక్కకు మూడే నిమిషాలు, ఆ మూడు నిమిషాలు తలకు రుమాలుతోని మా వియ్యంకుడే. సార్ స్టేజీ ఎక్కినంక మళ్ల కెమెరా పెట్టి లగ్గమంత తీసింది కెమెరామనే. తెల్లారి సార్ పిలిచిండు.

"నిన్ను కొలువులోంచి తీసేద్దామనే అనుకున్నా. మా అమ్మ టీవీలో చూసింది. వియ్యపురాలిని పంపించేస్తే ఇంట్లో అన్నం పెట్టనంది. ఉండు."

అదే మాపు మా అవ్వ ఫోన్ చేసింది. నీకు పెండ్లి అంటే వద్దంటివి, నీ బిడ్డ పెండ్లికి కన్నతల్లిని పిలువకపోతివి అని అర్ధగంట కడిగింది. ఏసీల పిలగాని అవ్వ గూడ చూసిందట. పిల్లకు గంత పెద్ద బిడ్డ ఉన్నదని మాకు చెప్పలేదని పరాచికాలాడుతున్నదట.

ఆ రోజు స్నానం చేసి, తూర్పుదిక్కు తిరిగి ఒట్టు పెట్టుకున్న. ఇగ జన్మల ఎవలతోని "మొక్కు" అనే మాట తెలిసీ తెల్వకుంట అనను, నా కొలువు నిలవెట్టిన మల్లన్న సాక్షి అని మల్లన్నకే మొక్కిన. ఈ ముచ్చట తాతకు చెప్తే సంబురపడుతడని ఫోన్ చేసిన. తాత అంత ఇన్నడు.

"మొక్కినవా?" అన్నడు. "మంచిది బిడ్డా. మరి ఎప్పుడు రమ్మంటవ్?"